తెల్ల బూడిద, పసుప్పచ్చ పొడి

ఫ్రీమాంట్ అనగానే మనవాళ్లకి టెస్లా కర్మాగారం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, మంచి స్కూళ్లు, ఇళ్ల ధరలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఇది మొక్కల ఊరు. 1956లో అయిదు ఊళ్లు కలిసి ఫ్రీమాంట్ అయ్యాయి: సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్. అంతకుముందు ఈ నేలంతా పళ్లతోటలు, ద్రాక్షతోటలు, కూరగాయల మళ్లు. జర్మనీ నుంచి వలసవచ్చిన జాన్ రాక్ 1865లో శాన్ హోసే దగ్గర నర్సరీ పెట్టి, 1884లో నైల్స్‌లో కాలిఫోర్నియా నర్సరీ కంపెనీని నెలకొల్పాడు. ఎదురుగా రైలు మార్గం, వెనక కొండలు, కింద అలమెడా వాగు తెచ్చిన ఒండ్రు. గులాబీ అంట్లు, ద్రాక్ష, ఆలివ్, తాటిజాతి చెట్లు, పళ్లమొక్కలు ఇక్కణ్ణించి రైలెక్కి వెళ్లేవి. 1904లో రాక్ చనిపోయాక, 1917లో ఆ నర్సరీ జార్జ్ రోడింగ్ చేతికి వచ్చింది. వందల ఎకరాల ఆ తోటలో ఇవాళ మిగిలింది నైల్స్ బూలెవార్డ్ పక్కన నగరం కాపాడుతున్న ఒక చారిత్రక పార్కు.

గులాబీ, ద్రాక్ష పెంచిన ప్రతిచోటా ఒక రోగం వెంట ఉంటుంది. ఆకు మీద తెల్లగా పొడిలా మొదలై, లేతచిగుళ్లని ముడిచేసి, మొగ్గని విచ్చుకోనివ్వదు. మన రైతులు దాన్ని బూడిద తెగులు అంటారు. ఈ ఊరి చరిత్రని నేను ఆ తెగులు వైపు నుంచి చదువుతూ వచ్చాను. దానికి కారణం నా స్నేహితురాళ్ల కిటికీలు.

ఇక్కడ చలికాలం మొదలవగానే ఫోన్లు వస్తాయి. "అక్కా, నా బిగోనియా మీద ఎవరో ముగ్గుపిండి జల్లినట్టుంది, తుడిస్తే పోయింది, మళ్లీ వచ్చింది, నీళ్లు ఎక్కువయ్యాయా?" అని. బిగోనియా, కలాంచో, రోజ్‌మేరీ, కుండీలో చిన్న గులాబీ, వీటికే ఎక్కువ. అందరూ ముందు అనుమానించేది నీళ్లనే. బూజు అంటే తడి వల్ల వచ్చేదని మనకి చిన్నప్పటి నుంచి తెలుసు కదా. ఈ తెగులు సంగతి వేరు. దీని సిద్ధబీజం, అంటే విత్తనంలాంటి రేణువు, మొలకెత్తడానికి ఆకు మీద నీటిచుక్క అక్కర్లేదు; చుక్క నిలిచి ఉంటే మొలక దెబ్బతింటుంది కూడా. గాలిలో కాస్త చెమ్మ, మరీ ఎక్కువ కాని వెచ్చదనం, నీడ, కదలని గాలి చాలు. ఇంట్లో కిటికీ గట్టు మీద ఒకదానికొకటి ఆనించి పెట్టిన కుండీల మధ్య ఇవన్నీ ఉంటాయి. బయట ఫ్రీమాంట్ వాతావరణం కూడా దానికి అనుకూలమే: మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు ఉండదు, సాయంత్రం కాగానే అఖాతం మీంచి చల్లగాలి, జూన్ ఉదయాల్లో మబ్బు. ఆకుని కడిగే వాన లేదు, తెగులుని మాడ్చే ఎండా లేదు.

ఇది బతికున్న మొక్క మీద మాత్రమే బతికే శిలీంధ్రం. ఆకు పైపొర కణాల్లోకి సన్నటి వేర్లలాంటివి దించి ఆహారం పీలుస్తుంది. ఎక్కువ రకాల్లో మిగతా ఒళ్లంతా ఆకు పైనే ఉంటుంది. అందుకే వేలితో తుడిస్తే పోయినట్టుంటుంది, లోపల దిగిన భాగం మాత్రం ఉండిపోతుంది. అది పైనే ఉండటం మనకి కలిసొచ్చింది. మందు ఆకు లోపలికి వెళ్లక్కర్లేకుండా, పైన పూసినా పనిచేస్తుంది. రెండు వందల ఏళ్ల వైద్యమంతా ఆ ఒక్క సంగతి మీద నడిచింది.

ఇంగ్లండ్‌లో మార్గేట్ అనే సముద్రతీరపు ఊళ్లో ఎడ్వర్డ్ టకర్ అనే తోటమాలి ఉండేవాడు. 1845లో తన యజమాని అద్దాల ఇంట్లో ద్రాక్షతీగల మీద కొత్తగా తెల్లటి పొడి చూశాడు. పీచ్ చెట్ల మీద వచ్చే తెగులుని పోలి ఉందని గమనించి, పీచ్‌కి తోటమాలులు వాడే మందునే, అంటే గంధకం, సున్నం కలిపిన నీళ్లనే ద్రాక్షకి కొట్టి చూశాడు. పనిచేసింది. చర్చి ఫాదరూ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడూ అయిన మైల్స్ బర్క్‌లీ 1847లో ఆ శిలీంధ్రాన్ని వర్ణించి ఓయిడియం టకెరి అని పేరుపెట్టాడు. ఆ పేరు తర్వాత మారింది. ఇప్పుడు ఎరిసైఫీ నెకేటర్ అంటున్నారు. మందు కనిపెట్టిన తోటమాలి పేరు రోగానికి పెట్టారు. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఆ శిలీంధ్రం పుట్టిల్లు ఉత్తర అమెరికా. ఇక్కడి అడవి ద్రాక్షలు దానితో కలిసి పెరిగాయి కాబట్టి తట్టుకున్నాయి. అలంకారానికీ సేకరణకీ ఓడల్లో వెళ్లిన మొక్కలతో పాటు అది అట్లాంటిక్ దాటింది. యూరప్ ద్రాక్షకి దాన్ని తట్టుకునే శక్తి లేదు. కొన్నేళ్లలో పారిస్ చుట్టుపక్కల అద్దాల ఇళ్లకీ, అక్కణ్ణించి దక్షిణాది తోటలకీ, ఇటలీకీ, మదీరా దీవులకీ పాకింది. ఫ్రాన్స్‌లో 1850లో సుమారు 4.5 కోట్ల హెక్టోలీటర్లున్న వైన్ ఉత్పత్తి 1854కి 1.1 కోట్లకి పడిపోయింది. ద్రాక్ష మీదే బతికే ఊళ్లకి అది కరువే.

దారి చూపింది మళ్లీ తోటమాలులే. టకర్ మందు కుండీలకీ అద్దాల ఇంటికీ సరిపోయింది గానీ, వేల ఎకరాలకి ఎలా కొట్టడం? వెర్సాయ్ తోటల్లో పనిచేసిన గ్రిజోన్ 1852లో గంధకాన్నీ సున్నాన్నీ నీళ్లలో కలిపి మరిగించి, తేర్చిన ద్రవాన్ని పలచన చేసి కొట్టాడు. అది ఆయన పేరుతోనే చెల్లుబాటయింది. పొడి గంధకాన్ని చల్లడానికి కొలిమితిత్తిలాంటి చేతి పనిముట్లు వచ్చాయి. మోంపెల్యే దగ్గరి ఆంరీ మారెస్ పొడి గంధకాన్ని ఎప్పుడెప్పుడు చల్లాలో పొలంలో పరీక్షించి తేల్చాడు: చిగుళ్లు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి, పూతకి ఒకసారి, కాయ పండబారకముందు ఒకసారి. 1850ల చివరికి ఫ్రాన్స్ తేరుకుంది. ఎండకి వేడెక్కిన గంధకం నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న సిద్ధబీజాల దాకా వెళుతుంది. పొడి తగలని చోట కూడా కొంత పనిచేస్తుంది. అందుకే అంత ముతక మందు అంత పెద్ద తోటల్ని కాపాడగలిగింది.

ఈ కథకి చేదు కొనసాగింపు ఉంది. బూడిద తెగులుని తట్టుకుంటాయని అమెరికా ద్రాక్షతీగల్ని యూరప్‌కి తెప్పించుకుంటే, వాటి వేళ్లకి పట్టుకుని ఫిలోక్సెరా పురుగు దిగింది. ఆ తర్వాత 1878లో బూజు తెగులు కనిపించింది. దానికి మైలతుత్తం, సున్నం కలిపిన మందుని బోర్డోలో మియార్దే 1885లో ప్రకటించాడు. మన దగ్గర రైతులు బోర్డో మిశ్రమం అనేది అదే. బూడిద తెగులుకి గంధకం, బూజు తెగులుకి తుత్తం. ఈ రెండు తెగుళ్లకీ తేడా తెలియకుండా మందు కొనేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. ద్రాక్షలో ఆకు పైన తెల్లపొడి ఉంటే మొదటిది. పైన పసుపుమచ్చలు, అడుగున బూడిదరంగు బూజు ఉంటే రెండోది. దానికి తడి కావాలి.

ఇక మన ఊరి సంగతి. 1797 జూన్ 11న స్పానిష్ ఫాదర్లు మిషన్ శాన్ హోసేని స్థాపించారు. అప్పటికే ఇక్కడ తరతరాలుగా ఉన్న ఒలోనీ జనం చేత తోటలు వేయించారు. ఆ తోటల్లో ద్రాక్ష, ఆలివ్, పియర్ ఉండేవి. బంగారం కోసం జనం ఎగబడ్డ కాలంలో ఈ చుట్టుపక్కల పళ్లకీ కూరగాయలకీ శాన్ ఫ్రాన్సిస్కోలో మంచి ధర పలికింది. 1869లో లీలండ్ స్టాన్‌ఫర్డ్ వార్మ్ స్ప్రింగ్స్‌లో భూమి కొన్నాడు. ఆయన అన్న జొసయా అక్కడ ద్రాక్షతోటలు, వైన్ కర్మాగారం నడిపాడు. కోస్టారికా నుంచి వచ్చిన హువాన్ గాయెగోస్ ఇర్వింగ్టన్‌లో కట్టిన పెద్ద వైన్ కర్మాగారం 1906 భూకంపంలో దెబ్బతింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ పరిశోధనకి పునాది వేసిన యూజీన్ హిల్గార్డ్‌కి మిషన్ శాన్ హోసేలో సొంత ద్రాక్షతోట ఉండేది. అదే విశ్వవిద్యాలయం నుంచి 1907లో ఫ్రెడరిక్ బియోలెట్టి ద్రాక్ష బూడిద తెగులు మీద రైతుల కోసం ఒక బులెటిన్ రాశాడు. అప్పటికి గంధకం కాలిఫోర్నియా తోటల్లో ఏటా తప్పని పని.

తప్పని పని అంటే ఎవరికి? గంధకం చల్లినవాళ్ల కళ్లు మండుతాయి, చెమట పట్టిన ఒళ్లు మండుతుంది. ఆ పని భూమి ఉన్నవాళ్లు చేసింది తక్కువ. ఈ ప్రాంతంలో ముందు చైనా కూలీలు, తర్వాత అజోర్స్ దీవుల పోర్చుగీసువాళ్లు, జపాన్‌వాళ్లు, ఫిలిప్పీన్స్, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు తోటల్లో చేశారు. 1913 చట్టం జపాన్ వలసదారుల్ని భూమి కొననివ్వలేదు. 1942లో వాళ్లని, ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లల్ని సైతం, ఇళ్ల నుంచి ఖాళీ చేయించి శిబిరాలకి పంపారు. బులెటిన్ రాసినవాళ్ల పేర్లు దొరుకుతాయి. తెల్లవారుజామున మంచు ఆరకముందు గుడ్డసంచీ దులుపుతూ వరసలు నడిచినవాళ్ల పేర్లు దొరకవు.

పూలు పెంచే అద్దాల ఇళ్లలో గంధకం ఇంకో రకంగా వాడేవారు. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచడానికి ఆవిరి గొట్టాలు ఉండేవి. వాటికి గంధకం ముద్ద పూస్తే ఆ వేడికి మెల్లగా ఆవిరి లేచి గులాబీలకి పట్టిన తెగులుని అణిచేది. గంధకం మండితే మాత్రం మొక్కలన్నీ మాడిపోయేవి, కాబట్టి అది అనుభవం ఉన్నవాళ్ల పని. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒక హెచ్చరిక కూడా చెబుతాను: మనుషులుండే ఇంట్లో గంధకాన్ని వేడి చెయ్యడం, పొగ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకి హాని.

గంధకం వాసన నాకు ఫ్రీమాంట్‌లో కొత్త కాదు. మాది గుంటూరు జిల్లా, ఇంట్లో మిరప సేద్యం. శీతాకాలంలో మిరపాకు అడుగున తెల్లటి బూడిద పట్టి, పైన పసుపు తిరిగి, ఆకు రాలిపోయేది. మిరపలో ఆ తెగులు ఆకు అడుగున కనిపిస్తుంది, పైన కాదు. నాన్న పొద్దున్నే పొలానికి వెళ్లి నాలుగు ఆకులు తిప్పి చూసేవారు. గంధకం పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి మొక్కల మీద దులిపించేవారు. తర్వాత్తర్వాత నీటిలో కరిగే గంధకం వచ్చింది, లీటరు నీటికి మూడు గ్రాములు. మామిడి పూతకీ అదే మందు. "బీరపాదుకి మాత్రం కొట్టొద్దే అమ్మాయ్, ఆకు మాడిపోద్ది" అనేవారు. మన వ్యవసాయ శాఖవాళ్లు తీగజాతి కూరగాయలకి గంధకం వద్దని చెప్పేది ఇందుకే. ఇక్కడ పెరట్లో బీర, సొర, దోస పెంచే మనవాళ్లు ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా పాదులు బతుకుతాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో డగ్లస్ గబ్లర్, కార్లా థామస్ 1990లలో ద్రాక్ష తెగులుకి ఒక లెక్క తయారుచేశారు. వరసగా మూడు రోజులు, రోజుకి కనీసం ఆరు గంటలు ఏకధాటిగా 21 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే తెగులు విజృంభించడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎండ 35 డిగ్రీలు దాటితే దాని జోరు తగ్గుతుంది. ఆ లెక్క చదివినప్పుడు నాకు నాన్న ఆకులు తిప్పి చూడటం గుర్తొచ్చింది. ఆయన దగ్గర ఉష్ణమాపకం లేదు. చలి ఎప్పుడు తిరిగింది, మంచు ఎంతసేపు నిలిచింది అని చూసి మందు రోజు నిర్ణయించేవారు. ఇప్పటికీ కాలిఫోర్నియాలో ఏటా వాడే మందుల్లో బరువు లెక్కన అగ్రస్థానం గంధకానిదే. సేంద్రియ సేద్యంలోనూ దానికి అనుమతి ఉంది.

పాలు కొడితే బూడిద తెగులు తగ్గుతుందంటే చాలామంది నమ్మరు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ గాజు ఇంట్లో జుకీని పాదుల మీద ఆవుపాలు పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించారు. పది శాతం పాలు కలిపిన నీళ్లు వారానికోసారి కొడితే రసాయన మందులకి దీటుగా పనిచేసింది. మనకి ఇది వింత కాకూడదు. సురపాలుడి వృక్షాయుర్వేదం సుమారు వెయ్యేళ్ల కిందటిది. అది మొక్కల రోగాల్ని కూడా వాత, పిత్త, కఫాలుగా విడదీసి, పాలు, తేనె, నెయ్యి, వాయువిడంగాలతో వైద్యం చెబుతుంది. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఇక్రిశాట్‌లో మొక్కల తెగుళ్ల శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన వై.ఎల్. నేనే అనే ఆయన ఆ ప్రతిని తెప్పించగా, నళినీ సాధలే ఇంగ్లీషులోకి అనువదించారు. 1996లో సికింద్రాబాద్ నుంచి అచ్చయింది. సురపాలుడు మన బిగోనియా తెగులుకే పాలు చెప్పాడని నేను అనను. అలా అతికించి గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు. మొక్క ఒంటికి ఆహారపదార్థాలతో వైద్యం చెయ్యవచ్చన్న ఆలోచన మన దగ్గర పాతదే, దాన్ని పరీక్షించి లెక్కగట్టే పని మాత్రం ఇంకొకరు చేశారు.

వేపనూనె విషయంలో అలాంటి మన పాత ఆలోచన ఇంకొకరి సొత్తు కాబోయి ఆగింది. ఇక్కడ ఏ తోటసామాను దుకాణానికి వెళ్లినా బూడిద తెగులుకి వేపనూనె సీసా ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే కంపెనీ కలిసి, వేపనూనెతో మొక్కల శిలీంధ్రాల్ని అరికట్టే పద్ధతి తమదని 1994లో యూరప్‌లో పేటెంటు పొందాయి. పురుగుల మందుగా కాదు, శిలీంధ్రాల మందుగానే. వందనా శివ, యూరప్ పార్లమెంటు గ్రీన్ పార్టీ సభ్యురాలు మాగ్దా ఆల్వూట్, సేంద్రియ సేద్య ఉద్యమం తరఫున లిండా బుల్లర్డ్ దాన్ని సవాలు చేశారు. మ్యూనిక్‌లో విచారణ జరిగింది. వేప గింజల నుంచి అలాంటి నూనె తీసి, పేటెంటుకి ముందే రైతుల పొలాల్లో వాడి చూపించానని భారతీయ పారిశ్రామికుడు అభయ్ ఫడ్కే సాక్ష్యమిచ్చారు. 2000 మేలో పేటెంటు రద్దయింది. అప్పీలు 2005 మార్చి 8న కొట్టేశారు. అక్కడ పనిచేసింది ఎప్పుడు, ఎక్కడ, ఎలా వాడారో చెప్పగలిగిన సాక్ష్యం. మా తాతలకి తెలుసు అన్న మాట ఒక్కటే ఉంటే నిలిచేది కాదు.

స్నేహితురాళ్లకి నేను చెప్పే వరస ఇది. తెగులు పట్టిన ఆకుల్ని తుంచి సంచిలో వేసి పారెయ్యండి. కుండీల మధ్య జాగా వదలండి, కిటికీ తెరవండి, వెలుతురుకి జరపండి. లేత మొక్కకి నత్రజని ఎరువు ఆపండి. మెత్తటి కొత్త చిగురే దానికి ఇష్టం. అప్పటికీ తగ్గకపోతే పలచటి పాలో వేపనూనో, సీసా మీద రాసిన మోతాదులో, ముందు ఒక ఆకు మీద పరీక్షించి కొట్టండి. గంధకం వాడితే మొక్కని బయట పెట్టి, ముక్కుకీ కళ్లకీ రక్షణ కట్టుకుని వాడండి. 32 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండలో వద్దు, నూనె మందు కొట్టిన రెండు వారాల లోపు అసలే వద్దు, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది.

నైల్స్ నర్సరీ పార్కులో ఇప్పుడు సామూహిక తోట నడుస్తోంది. మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లని అక్కడికి తీసుకెళ్లండి. వాళ్లలో చాలామంది మిరప, మామిడి, ద్రాక్ష పండించినవాళ్లు. తెల్ల బూడిద కనిపిస్తే ఏ నెలలో ఏం చల్లారు, ఎంత చల్లారు, దేనికి వద్దన్నారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, ఊరి పేరు, పంట పేరు, వాళ్ల పేరు, వాడిన సంవత్సరం వేసి తెలుగులో రాసిపెట్టండి.